ఏఐ ఏజెంట్‌కి టూల్ వివరణ: ఏ మాట ఎక్కడ రాయాలి?

రైళ్ల సమాచారం చెప్పే చిన్న ఏఐ ఏజెంట్ ఒకటి తయారు చేస్తున్నారనుకోండి. దానికి నాలుగు టూల్స్ (అవసరమైనప్పుడు ఏజెంట్ పిలిచి పని చేయించుకునే ఫంక్షన్లు) ఇచ్చారు. మొదటిది రెండు స్టేషన్ల మధ్య రైళ్లు వెతుకుతుంది, ఒకటి సీట్లు ఉన్నాయో లేదో చూస్తుంది, ఇంకొకటి పీఎన్ఆర్ స్టేటస్ చెబుతుంది, నాలుగోది రైలు ఇప్పుడు ఎక్కడుందో చెబుతుంది. ప్రయాణికుడు తన పది అంకెల పీఎన్ఆర్ ఇచ్చి "నా బండి ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాడు. ఏజెంట్ పీఎన్ఆర్ టూల్‌ని పిలిచి "మీ బెర్త్ కన్ఫర్మ్ అయింది" అని జవాబిచ్చింది. కోడ్‌లో తప్పేమీ లేదు. మోడల్‌కి, అంటే ఏజెంట్‌ని నడిపే ఏఐకి, పీఎన్ఆర్ కనబడింది, ఆ పేరుతోనే ఒక టూల్ కూడా కనబడింది, పిలిచేసింది. ఆ టూల్ వివరణలో "పీఎన్ఆర్ వివరాలు ఇస్తుంది" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు మరి.

మోడల్‌కి మీ కోడ్ కనబడదు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ (మోడల్ టూల్స్‌ని పిలిచే పద్ధతి) తెచ్చినప్పుడూ అంతే, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఎంసీపీ (మోడల్‌కి బయటి టూల్స్ కలిపే ఉమ్మడి ప్రమాణం) ప్రకటించాకా అంతే. ఏ టూల్ పిలవాలో తేల్చుకోవడానికి మోడల్ ముందు ప్రధానంగా ఉండేవి మూడు: టూల్ పేరు, దాని వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక). ఈ మూడూ కాక సిస్టమ్ ప్రాంప్ట్ (ఏజెంట్‌కి మొదటే ఇచ్చే సూచనలు) ఉంది, టూల్ ఫెయిలైనప్పుడు వెళ్లే ఎర్రర్ మెసేజ్ ఉంది. రాయాల్సిన మాటలు దాదాపు అందరికీ తెలిసినవే. వాటిలో ఏది ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. ఒక్కో సందేహంలో రెండు పక్షాలనూ చూసి, నా ఓటు దేనికో కూడా చెబుతాను.

ఒక్క లైను చాలా, పేరా రాయాలా?

ఒక్క లైను చాలనేవాళ్లు టోకెన్ల (మోడల్ చదివే మాటల ముక్కల) ఖర్చు చూపిస్తారు. మాట నిజమే. మామూలు పద్ధతిలో, టూల్ వాడినా వాడకపోయినా దాని వివరణ ప్రతి రిక్వెస్ట్‌తో పాటు మోడల్‌కి వెళ్తుంది. ప్రాంప్ట్ క్యాషింగ్ (మారని భాగాన్ని దాచుకుని మళ్లీ వాడటం) ఉంటే బిల్లు తగ్గుతుంది గానీ, కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకేసారి చూడగలిగే పాఠంలో) అది తీసుకునే చోటు తగ్గదు. ఇంకోవైపు, ఆంత్రోపిక్ తన డాక్యుమెంటేషన్‌లో ఒక్కో టూల్‌కి కనీసం 3–4 వాక్యాలు రాయమని సలహా ఇస్తుంది. ఓపెన్‌ఏఐ గైడ్‌లో ఇంకో మంచి పరీక్ష ఉంది. మీరు మోడల్‌కి ఇచ్చిన సమాచారం మాత్రమే ఒక ఇంటర్న్ చేతిలో పెడితే ఆ ఫంక్షన్‌ని సరిగ్గా వాడగలడా? వాడలేకపోతే, అతను ఏమేం అడుగుతాడో ఆ జవాబులన్నీ వివరణలోకి వెళ్లాలి.

నన్నడిగితే, వివరణ ఎంత పొడవుండాలో పక్కనున్న టూల్‌ని బట్టి తేల్చుకోవాలి. "ఇప్పుడు టైమెంత" అని చెప్పే టూల్‌కి పోటీగా ఇంకో టూల్ లేదు, దానికి ఒక్క లైను చాలు. పీఎన్ఆర్ టూల్, రన్నింగ్ స్టేటస్ టూల్ అలా కాదు. ఒకే ప్రశ్నకు రెండూ సరిపోయేలా కనబడతాయి. అక్కడ పిసినారితనం పనికిరాదు. రన్నింగ్ స్టేటస్ వివరణ నేనైతే ఇలా రాస్తాను (ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను, కోడ్‌లో ఏ భాషలో ఉండాలన్నది తర్వాత చూద్దాం):

"రైలు ఇప్పుడు ఏ స్టేషన్ దాటింది, ఎంత ఆలస్యంగా నడుస్తోంది అనేది చెబుతుంది. బండి ఎక్కడుంది, ఎంత లేటు, మా స్టేషన్‌కి ఎన్నింటికి వస్తుంది లాంటి ప్రశ్నలకు వాడాలి. రైలు నంబర్, ఆ రైలు మొదటి స్టేషన్‌లో బయలుదేరిన తేదీ తప్పనిసరి. ప్రయాణికుడు పీఎన్ఆర్ మాత్రమే ఇస్తే, ముందు పీఎన్ఆర్ టూల్‌తో ఆ రెండూ తెచ్చుకొని తర్వాత దీన్ని పిలవాలి. బెర్త్, వెయిటింగ్ లిస్ట్ సంగతులు ఇది చెప్పదు."

ఇందులో చివరి వాక్యం చూడటానికి అనవసరం అనిపిస్తుంది. చాలామంది ముందు కోసేది దాన్నే. నేను మాత్రం చోటు చాలకపోతే మొదటి వాక్యాన్నైనా కుదిస్తాను గానీ దాన్ని వదలను. ఎందుకంటే టూల్ ఏం చేస్తుందో పేరు చూసి మోడల్ కొంతవరకు ఊహించుకోగలదు. ఏం చేయదో ఊహించుకోలేదు. పైగా ఈ సరిహద్దు రెండు వైపులా ఉండాలి: పీఎన్ఆర్ టూల్ వివరణలో కూడా "రైలు ఎక్కడుందో, ఎంత లేటో ఇది చెప్పదు" అని ఉండాలి. ఒకవైపే గీత గీస్తే తప్పు పిలుపులు పూర్తిగా ఆగవు.

అదే సమయంలో తీసేయాల్సినవీ ఉన్నాయి. డేటా ఏ డేటాబేస్‌లోంచి వస్తుందో, గత వెర్షన్‌లో ఏం మారిందో, ఈ టూల్ ఎంత గొప్పదో మోడల్‌కి అక్కర్లేదు. "చాలా ముఖ్యం", "తప్పకుండా", "ఎట్టి పరిస్థితుల్లోనూ" అని ప్రతి టూల్‌లోనూ రాస్తే ఏదీ ముఖ్యం కాకుండా పోతుంది. వాటి బదులు కారణం ఒక ముక్కలో చెప్పడం మేలు.

మాటల్లో చెప్పాలా, స్కీమాలో బిగించాలా?

ఇక్కడ మాత్రం నాకు ఊగిసలాట లేదు. స్కీమాలో బిగించగలిగినదాన్ని మాటలకు వదలకూడదు.

ప్రయాణ తరగతి తీసుకోండి. "స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ లాంటివి ఇవ్వాలి" అని వివరణలో రాస్తే మోడల్ ఒకసారి "థర్డ్ ఏసీ" అని, ఒకసారి "ఏసీ త్రీ టైర్" అని, ఇంకోసారి "3ఏ" అని పంపుతుంది. అదే పారామీటర్‌ని (టూల్‌కి ఇచ్చే విలువని) ఈనమ్‌గా, అంటే ఇచ్చిన జాబితాలోంచే ఎంచుకునేలా పెట్టి ఎస్ఎల్, 3ఏ, 3ఈ, 2ఏ, 1ఏ, సీసీ, 2ఎస్ అని విలువలు ఇచ్చేస్తే ఆ గొడవే ఉండదు. ఏ కోడ్ ఏ తరగతిదో ఆ పారామీటర్ వివరణలో ఒక్క లైను చాలు.

టైపు ఎంచుకోవడం ఇంకాస్త జాగ్రత్తగా చేయాలి. రైలు నంబర్ ఐదు అంకెలే కదా అని ఇంటీజర్ (పూర్ణాంకం) పెట్టేస్తారు. 12728 గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి అది బాగానే పనిచేస్తుంది. సంక్రాంతికి దక్షిణ మధ్య రైల్వే వేసే స్పెషల్ రైళ్ల నంబర్లు 07తో మొదలవుతాయి. ఇంటీజర్‌గా మారగానే ముందున్న సున్నా ఎగిరిపోయి నాలుగు అంకెలే మిగులుతాయి. ఏడాది పొడవునా బాగా నడిచిన ఏజెంట్ సరిగ్గా పండగ రద్దీలో పనిచేయడం మానేస్తుంది. కాబట్టి రైలు నంబర్ స్ట్రింగ్ (సంఖ్యగా కాక అక్షరాల వరుసగా చూసే టైపు), ఐదు అంకెల ప్యాటర్న్. పీఎన్ఆర్ కూడా స్ట్రింగే, పది అంకెలు.

పారామీటర్ పేరుకి కూడా వివరణంత బలం ఉంటుంది. రన్నింగ్ స్టేటస్‌కి "తేదీ" అని మాత్రమే పేరు పెడితే మోడల్ ప్రయాణికుడు ఎక్కే తేదీ పంపుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం హైదరాబాద్‌లో బయలుదేరి, అర్ధరాత్రి దాటాక రాజమండ్రి చేరుతుంది. రాజమండ్రిలో ఎక్కేవాళ్ల దృష్టిలో ఆ రోజు 15వ తేదీ, రైలు లెక్కలో మాత్రం అది 14వ తేదీ బండి. తప్పు తేదీ పంపితే ఎర్రర్ కూడా రాదు. 15న బయలుదేరే బండి వివరాలు వచ్చి, ఏజెంట్ నమ్మకంగా "ఇంకా బయలుదేరలేదు" అంటుంది. పారామీటర్ పేరే "మొదటి_స్టేషన్_బయలుదేరిన_తేదీ" అనే అర్థంతో పెట్టి, వివరణలో అర్ధరాత్రి ఉదాహరణ ఒకటి ఇస్తే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది. అసలు పరిష్కారం ఇంకోటుంది: ఎక్కే స్టేషన్, ఎక్కే తేదీ తీసుకొని, మొదటి స్టేషన్ తేదీని మీ కోడే లెక్కగట్టడం. ప్రయాణికుడికి తెలిసినది మోడల్ అడుగుతుంది, తెలియనిది కోడ్ చూసుకుంటుంది. వీలైతే నా ఓటు దీనికే.

ఆంత్రోపిక్ వాళ్లు 2024 డిసెంబర్‌లో ఏజెంట్ల నిర్మాణం మీద రాసినప్పుడు ఇలాంటిదే ఒకటి చెప్పారు. కోడింగ్ ఏజెంట్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాక రిలేటివ్ ఫైల్ పాత్‌లతో (ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టే ఫైల్ చిరునామాలతో) తప్పులు చేస్తుంటే, టూల్ ఎప్పుడూ పూర్తి పాత్ మాత్రమే తీసుకునేలా మార్చారు. ఆ తప్పులు పోయాయి. "పాత్ సరిగ్గా ఇవ్వు" అని వివరణలో ఇంకో వాక్యం చేర్చడం కంటే ఇది ఎంతో నయం.

స్కీమాకి పరిమితి లేకపోలేదు. 2024 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తెచ్చిన స్ట్రిక్ట్ మోడ్ లాంటివి ఆకారం తప్పకుండా చూస్తాయి, విలువ నిజమా కాదా అన్నది వాటికి పట్టదు. ఐదు అంకెలున్న తప్పు రైలు నంబర్ స్కీమా దాటి హాయిగా వెళ్లిపోతుంది. పైగా జేసన్ స్కీమా (ఈ స్కీమాలు రాసే ప్రామాణిక పద్ధతి) లోని అన్ని నియమాలనూ మోడల్ ఇచ్చే కంపెనీలన్నీ అమలు చేయవు. కోడ్‌లో మళ్లీ చెక్ చేయాల్సిందే.

ఒక పెద్ద టూలా, విడివిడి చిన్న టూల్సా?

ఒక కొసన "రైల్వే" అనే ఒకే టూల్, దానికి "యాక్షన్" అనే పారామీటర్. ఇంకో కొసన ఏపీఐలో (ప్రోగ్రామ్‌లు డేటా అడిగే మార్గంలో) ఉన్న ప్రతి ఎండ్‌పాయింట్‌కీ, అంటే ఒక్కో చిన్న పని చేసే చిరునామాకీ, ఒక టూల్.

పెద్ద టూల్‌లో చిక్కు ఏమిటంటే, ఏ పారామీటర్ తప్పనిసరో యాక్షన్‌ని బట్టి మారుతుంది. పీఎన్ఆర్ చూడటానికి ఒకటి, రైళ్లు వెతకడానికి మూడు, సీట్లు చూడటానికి ఐదు. దాంతో స్కీమాలో ఏదీ తప్పనిసరి అని పెట్టలేరు. పైన చెప్పిన బిగింపు అంతా వదులైపోతుంది. వివరణ కూడా "యాక్షన్ ఇది అయితే అది ఇవ్వు" అనే చిట్టాగా మారుతుంది.

ఎండ్‌పాయింట్‌కో టూల్ పెడితే వేరే చిక్కు. స్టేషన్ పేరు నుంచి కోడ్ తెచ్చేది, కోడ్ నుంచి పేరు తెచ్చేది, రైలు పేరు నుంచి నంబర్ తెచ్చేది... చివరికి ఒక మామూలు ప్రశ్నకి మోడల్ నాలుగు పిలుపులు చేయాలి, ఒక్కో పిలుపులో తప్పడానికి ఒక్కో అవకాశం. మోడల్ ముందు ఒకేసారి 20 లోపు ఫంక్షన్లే ఉంచమని ఓపెన్‌ఏఐ సలహా. అది కచ్చితమైన గీత కాదు గానీ, దాటుతున్నారంటే ఆగి చూసుకోవాలి.

జనం అడిగే పనిని బట్టి టూల్ కోయండి. "రేపు సికింద్రాబాద్ నుంచి బెజవాడకి రైళ్లేమున్నాయి?" అన్నది ఒక పని, ఒక టూల్. స్టేషన్ కోడ్ వెతకడం ఆ టూల్ లోపలే జరగాలి. విజయవాడ కోడ్ బీజెడ్ఏ, పాత బెజవాడ పేరు మీద వచ్చింది. వైజాగ్‌ది వీఎస్‌కేపీ. ఇలాంటివి మోడల్‌కి పెద్ద స్టేషన్ల వరకు గుర్తుంటాయి, చిన్న స్టేషన్ల దగ్గర ఊహించి కొడుతుంది. ఇక "హైదరాబాద్" అంటే నాంపల్లి కావచ్చు, సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి, లింగంపల్లి, ఏదైనా కావచ్చు. ఊరి పేరు ఇస్తే ఆ ఊళ్లో స్టేషన్లన్నీ వెతికేలా టూల్ ఉంటే, ఈ విషయం మీద వివరణలో ఒక్క మాట కూడా రాయక్కర్లేదు. కొన్ని వివరణలు ఎంత దిద్దినా బాగుపడవు. దిద్దాల్సింది టూల్‌నే.

కలపకూడనివి కూడా ఉన్నాయి. చూసే పనులనూ మార్చే పనులనూ ఒకే టూల్‌లో పెట్టవద్దు. రేపు ఇదే ఏజెంట్‌తో టికెట్ బుకింగ్, క్యాన్సిల్ కూడా చేయిద్దామనుకుంటే అవి వేరు టూల్స్ కావాలి. అనుమతులు సాధారణంగా టూల్‌ని బట్టి ఇస్తారు గనుక, "వెతకడానికి అడగక్కర్లేదు, క్యాన్సిల్‌కి ప్రతిసారీ అడగాలి" అనే ఏర్పాటు అప్పుడే సాధ్యం. ఎంసీపీలో ఇది చదివే పని మాత్రమే అని, ఇది పోగొట్టే పని అని చెప్పడానికి సూచనలు ఉన్నాయి. పేరుకు తగ్గట్టు అవి సూచనలే. "క్యాన్సిల్ చేసే ముందు ప్రయాణికుణ్ణి అడుగు" అని వివరణలో రాయడం మంచిదే, కానీ అది తాళం కాదు. తాళం కోడ్‌లో ఉండాలి.

తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

మాట్లాడేవాళ్లు తెలుగువాళ్లు, రాసేవాళ్లూ తెలుగువాళ్లే. మరి వివరణ ఇంగ్లీషులో ఎందుకుండాలి?

మొదట ఖర్చు సంగతి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు కొత్త టోకెనైజర్ (మాటల్ని టోకెన్లుగా కోసేది) గురించి ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణల్లో తెలుగు కూడా ఉంది. ఒకే మాటల ముక్కకి తెలుగులో 159 టోకెన్లు పట్టేవి, కొత్తదానిలో 45కి తగ్గాయి. గొప్ప మార్పే. అదే ముక్కకి ఇంగ్లీషులో 24. అంటే అంత తగ్గాక కూడా తెలుగుకి దాదాపు రెట్టింపు. ప్రతి రిక్వెస్ట్‌తో వెళ్లే వివరణల విషయంలో ఇది లెక్కలోకి వస్తుంది. అదీగాక టూల్ పేర్లకు సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్ మాత్రమే ఒప్పుకుంటారు. స్కీమా విలువలు కూడా ఇంగ్లీషు కోడ్‌లే.

తెలుగు పక్షాన ఉన్న బలమైన వాదన వేరు. టికెట్ కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్లు కూర్చున్న మనిషికి, జనం ఏ ప్రశ్న ఏ మాటల్లో అడుగుతారో ప్రోగ్రామర్ కంటే బాగా తెలుసు. వివరణ తెలుగులో ఉంటే ఆయన నేరుగా చదివి "ఇది తప్పు" అనగలడు. అలాంటి మనిషి మీ జట్టులో ఉంటే టోకెన్ల ఖర్చు భరించవచ్చు.

లేకపోతే నా ఎంపిక ఇంగ్లీషు వివరణే, ప్రశ్నల ఉదాహరణలు మాత్రం తెలుగులో. "బండి ఎక్కడిదాకా వచ్చింది", "ఆర్ఏసీ ఎంతదాకా కదిలింది", "తత్కాల్‌లో దొరుకుతుందా" లాంటి మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషు వాక్యాల మధ్య పెట్టవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ రూపంలోనూ ఒకటి రెండు ఉంచండి.

ఏ భాష ఎంచుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. ప్రయాణికుడు తెలుగు లిపిలో "సామర్లకోట" అని రాస్తే, మోడల్ కొన్నిసార్లు దాన్ని అలాగే టూల్‌కి పంపుతుంది. మీ డేటాలో పేర్లు ఇంగ్లీషులోనే ఉంటే ఫలితం ఖాళీ. "స్టేషన్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వాలి" అని పారామీటర్ వివరణలో రాయడం సులువు. రెండు లిపులూ తీసుకునేలా టూల్‌ని మార్చడం కాస్త పని, కానీ అదే నిలబడుతుంది. బెజవాడ, వైజాగ్ లాంటి వాడుక పేర్లనూ ఆ పట్టికలోనే చేర్చేయొచ్చు.

నియమాలు వివరణలో రాయాలా, ఎర్రర్‌లో చెప్పాలా?

2024 నవంబర్ 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. "120 రోజుల లోపు తేదీ ఇవ్వాలి" అని మూడు టూల్స్ వివరణల్లో రాసి ఉంటే, ఆ రోజు మూడు చోట్లా మార్చాలి. ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. మారే అవకాశమున్న నియమం కోడ్‌లో ఒక్క చోట ఉండి, దాటినప్పుడు ఎర్రర్‌లో బయటపడటం మంచిది. ఆ ఎర్రర్ "తప్పు ఇన్‌పుట్, కోడ్ 400" అని ఉంటే మోడల్ అదే తేదీతో మళ్లీ ప్రయత్నిస్తుంది. "ఈ తేదీకి బుకింగ్ ఇంకా తెరవలేదు, ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు, ఈ తేదీకైతే ఫలానా రోజు తెరుస్తారు" అని ఉంటే ప్రయాణికుడికి సరైన జవాబు చెప్పి ఊరుకుంటుంది.

తత్కాల్ ఏసీకి ఉదయం 10కి, నాన్ ఏసీకి 11కి తెరవడం లాంటివి టూల్ వివరణలో అస్సలు అక్కర్లేదు. అది ప్రయాణికుడికి చెప్పాల్సిన సమాచారం. సిస్టమ్ ప్రాంప్ట్‌లోనో, వేరే సహాయ పత్రంలోనో ఉండాలి. ఈరోజు తేదీ కూడా సిస్టమ్ ప్రాంప్ట్‌లోనే ఇవ్వండి, లేకపోతే "ఎల్లుండి" అన్న మాటకి మోడల్ ఏదో ఒక తేదీ కల్పిస్తుంది.

మెషీన్ రాసిన వివరణలు వాడొచ్చా?

ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఏపీఐలో ఏమేం ఉన్నాయో రాసే ఫైల్) నుంచో, ఫంక్షన్ డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లో ఫంక్షన్‌తో పాటు రాసే వివరణ) నుంచో వివరణలు ఆటోమేటిక్‌గా తయారవుతాయి. మొదటి డ్రాఫ్ట్‌కి బాగుంటాయి. అవి కోడ్ రాసే మనిషి కోసం రాసినవి కాబట్టి "ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పిలవకూడదు" అన్నది వాటిలో సాధారణంగా ఉండదు. ఆ రెండు వాక్యాలు మాత్రం చేత్తో రాయాల్సిందే.

ఉదాహరణ ఇన్‌పుట్‌ల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. చిన్న టూల్‌కి దండగ. ఒకదాని మీద ఒకటి ఆధారపడే పారామీటర్లు చాలా ఉన్నప్పుడు మాత్రం పొడుగాటి వివరణ కంటే రెండు మంచి ఉదాహరణలే నయం. ఆంత్రోపిక్ 2025 నవంబర్‌లో టూల్ నిర్వచనంలోనే ఉదాహరణలు ఇచ్చే వీలు తెచ్చింది.

ఏది దిద్దాలో ఎలా తెలుస్తుంది?

వివరణ బాగుందా లేదా అని చదివి చెప్పడం కష్టం. నిజంగా జనం అడిగిన ప్రశ్నలు కొన్ని పోగు చేసి, ఒక్కోదానికి ఏ టూల్, ఏ విలువలతో పిలవాలో పక్కన రాసి, మార్పు చేసిన ప్రతిసారీ నడిపి చూడండి. అసలు ఏ టూలూ పిలవకూడని ప్రశ్నలు కూడా అందులో ఉండాలి. "రైల్లో కుక్కపిల్లని తీసుకెళ్లొచ్చా?" అంటే మోడల్ రైళ్లు వెతకడం మొదలుపెడితే అదీ తప్పే.

తప్పు ఏ రకందో చూస్తే మందు ఎక్కడ వేయాలో తెలిసిపోతుంది. టూల్‌ని పిలవాల్సిన చోట పిలవకపోతే, "ఎప్పుడు వాడాలి" అన్న భాగం, జనం మాటల ఉదాహరణలు బలహీనంగా ఉన్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి పిలిస్తే, రెండు వివరణల మధ్య సరిహద్దు చూడండి, ఒక్కదాన్నే దిద్దితే చాలదు. సరైన టూల్, తప్పు విలువలు అయితే స్కీమా, పారామీటర్ పేర్లు. అంతా సరిగ్గా పిలిచి చివరికి జవాబు తప్పు చెబితే వివరణని వదిలేసి టూల్ తిరిగిచ్చే డేటా చూడండి. వెయిటింగ్ లిస్ట్‌ని "జీఎన్‌డబ్ల్యూఎల్ 14" (జనరల్ వెయిటింగ్ లిస్ట్‌లో 14) అని కోడ్‌గా మాత్రమే ఇచ్చి, మోడల్ సరిగ్గా విడమరచాలని ఆశిస్తున్నారేమో. ఒకేసారి రెండు మార్చకండి, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

బయటివాళ్ల ఎంసీపీ సర్వర్ (ఎంసీపీ ద్వారా టూల్స్ అందించే ప్రోగ్రామ్) తెచ్చి కలుపుకునేవాళ్లకి ఈ పరీక్షలతో పాటు ఇంకో పని ఉంది. వాళ్ల వివరణలు మీ మోడల్ కాంటెక్స్ట్‌లోకి నేరుగా వెళ్తాయి. వాటిలో ఎవరైనా దొంగ ఆదేశాలు దాచవచ్చు. దీన్ని టూల్ పాయిజనింగ్ అంటారు, 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ చేసి చూపించింది. స్క్రీన్ మీద కనబడే చిన్న పేరు చూసి ఒప్పుకోకుండా పూర్తి వివరణ చదవండి, వెర్షన్ ఫిక్స్ చేసుకోండి, అప్‌డేట్ వచ్చినప్పుడు వివరణల్లో ఏం మారిందో చూశాకే తీసుకోండి.